కత్తి పైకి లేవకముందే: డెల్టా ఊళ్ళో కుర్రాళ్ళ కోసం మానసిక ఆరోగ్య కార్యక్రమం నడిపే పద్ధతి

అమెరికాలో 2020 నుంచి పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకీ. అంతకుముందు ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది. భీమవరం, తణుకు, అమలాపురం నుంచి ఏటా మన పిల్లలు అక్కడికి చదువుకి వెళ్తున్నారు కాబట్టి, కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా ఇక్కడి ఇళ్ళలో టెన్షన్ మొదలవుతుంది. అబ్బాయి ఫోన్ ఎత్తి "నేను బాగానే ఉన్నానమ్మా" అన్నాక, "మన దగ్గర తుపాకులు లేవు కాబట్టి సరిపోయింది" అనుకుంటాం.

ఆ మాట నిజమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం. 21 ఏళ్ళు నిండకుండా మామూలుగా లైసెన్సు ఇవ్వరు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. ఈ చట్టం మన పిల్లలకి చేస్తున్న మేలు చిన్నది కాదు. కానీ కోనసీమలో ఇంటింటా కొబ్బరి కత్తి ఉంటుంది. అది పనిముట్టు, దాన్ని ఏ చట్టమూ ఆపలేదు, ఆపకూడదు కూడా. తీర్థంలోనో, నిమజ్జనంలోనో, క్రికెట్ టోర్నమెంటులోనో మాటామాటా పెరిగిందంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఇంటికెళ్ళి ఆ కత్తి తెచ్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

చికాగో నగరంలో కాల్పుల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు గమనించిందీ ఇదే. పథకం వేసుకుని చంపేవాళ్ళ కన్నా, చిన్న మాట దగ్గర మొదలై ఆగలేకపోయినవాళ్ళే ఎక్కువ. ఆయుధం ఏదైనా కోపానికీ దెబ్బకీ మధ్య కొన్ని నిమిషాలు ఉంటాయి. ఆ నిమిషాల్లో కుర్రాడి పక్కన వాడు లెక్కచేసే మనిషి ఒకరు ఉండాలి. ఉండేలా ఊరు ఏర్పాటు చేసుకోవాలి. ఈ మార్గదర్శి రాస్తున్నది అందుకే. సర్పంచ్, టీచరు, ఏఎన్ఎం, డ్వాక్రా లీడరు, ఊళ్ళో నలుగురూ మాట వినే అన్న, ఎవరైనా దీన్ని మొదలుపెట్టొచ్చు.

మొదటి అడుగు: "పిచ్చోళ్ళ ప్రోగ్రామ్" అనే ముద్ర పడకుండా చూసుకోండి

మానసిక ఆరోగ్యం అనగానే హింస చేసేవాళ్ళందరికీ మతి సరిగా లేదని అర్థం చేసుకుంటారు. అది తప్పు. అమెరికా లెక్కల్లో మొత్తం హింసలో తీవ్రమైన మానసిక జబ్బు వల్ల జరిగేది నూటికి సుమారు నాలుగు వంతులే. జబ్బుతో ఉన్నవాళ్ళు దెబ్బలు కొట్టడం కన్నా తినడమే ఎక్కువ. మీ కార్యక్రమం వల్ల ఊళ్ళో ఆల్రెడీ మందులు వాడుతున్న ఒక మనిషిని జనం అనుమానంగా చూడటం మొదలుపెడితే, అది మేలు కన్నా కీడే చేసినట్టు.

మరి మానసిక ఆరోగ్యంతో పనేంటి? జీవితాంతం వేధించే మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్ళ లోపే మొదలవుతాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక ఇబ్బందితో కనిపించారు. వాళ్ళందరూ కొట్లాటలకి వెళ్ళరు. చాలామంది లోపల్లోపల కుమిలిపోతారు, కొందరు చదువు మానేస్తారు, కొందరు తాగుడుకి అలవాటు పడతారు. కోపం, నిద్ర లేకపోవడం, అవమానం, ఒంటరితనం, ఇవన్నీ ఒకచోట చేరిన కుర్రాడికి మాట్లాడటానికి మనిషి కావాలి. బోర్డు మీద "యువజన క్లబ్బు" అనో "ఆటల సంఘం" అనో రాసుకున్నా సరిపోతుంది.

రెండో అడుగు: ఊరి గొడవల పటం గీయండి

తెల్ల కాగితం మీద ఊరి పటం గీయండి. కాలవ గట్టు, లాకులు, సెంటరు, బ్రాందీ షాపు, కాలేజీ బస్సు ఆగే చోటు, పేటలు, కాలనీలు అన్నీ పెట్టండి. గత రెండు మూడేళ్ళలో కొట్లాట జరిగిన చోటల్లా గుర్తు పెట్టండి. పక్కన నెల, వేళ రాయండి. పేర్లు రాయొద్దు.

మీకే ఒక క్రమం కనబడుతుంది. సంక్రాంతి మూడు రోజులు, అంతర్వేది తీర్థం, వినాయక నిమజ్జనం, హీరో పుట్టినరోజుకి కట్టిన ఫ్లెక్సీ చిరిగిన మర్నాడు. వేళ చూస్తే ఎక్కువగా చీకటి పడ్డాక, మందు పడ్డాక. ఈ రోజులు ముందే తెలుసు కాబట్టి ముందే మనుషుల్ని పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత కుర్రాళ్ళ గురించి ఆలోచించండి. డెల్టాలో చాలా ఇళ్ళలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు. డబ్బుకి లోటుండదు, చేతిలో బండి ఉంటుంది, రాత్రి పదకొండుకి ఎక్కడున్నావని అడిగే మనిషి ఉండరు. ఇంటర్ ఫెయిలై చేపల, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకి వెళ్ళేవాడు ఇంకొకడు. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ గొడవ వాసన తగిలితే ముందు పరిగెత్తేది వీళ్ళే, ఎందుకంటే ఆ ఒక్క రోజు నలుగురూ వీళ్ళని గుర్తిస్తారు.

పటంలో కులం గీత కూడా కనిపిస్తుంది, దాన్ని చెరపకండి. మన దగ్గర చాలా గొడవలకి మూలం కులమే. ఎవరు ఎవరితో తిరిగారు, ఎవరి పేటలోంచి ఊరేగింపు వెళ్ళింది, ఎవరు ఏ స్టేటస్ పెట్టారు, ఇవే కారణాలు. కులం పేరుతో తిట్టు తిన్న కుర్రాడికి "కోపం తగ్గించుకో బాబూ" అని చెప్పడం అన్యాయం. వాడికి జరిగింది నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అందుకే ఉంది. ముందు వాడి పక్కన నిలబడి ఫిర్యాదు రాయించండి, కోపం గురించి తర్వాత మాట్లాడొచ్చు.

మూడో అడుగు: మాట చెల్లే మనుషుల్ని వెతకండి

ఈ పనికి ప్రాణం మనుషులే. చికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే డాక్టరు 2000లో మొదలుపెట్టిన కార్యక్రమం తర్వాత క్యూర్ వయొలెన్స్ పేరుతో చాలా దేశాలకి వెళ్ళింది. ఆయన అంతకుముందు టీబీ, కలరా లాంటి అంటువ్యాధుల మీద పనిచేసినవాడు. హింస కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి, అంటుకునే చోటే ఆపాలన్నది ఆయన వాదన. అందుకోసం ఆ వీధుల్లో పుట్టి పెరిగినవాళ్ళని, కొన్నిసార్లు జైలుకి వెళ్ళొచ్చి మారినవాళ్ళని పనిలో పెట్టుకున్నారు. ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా రాలేదు. మనుషులు సరిగా కుదిరిన చోట పని బాగా జరిగింది, కుదరని చోట జరగలేదు.

మన ఊళ్ళో అలాంటివాళ్ళు ఎవరు? ఒకప్పుడు గొడవల్లో తిరిగి, కోర్టు చుట్టూ ఏళ్ళు తిరిగి, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్న నలభై ఏళ్ళ మనిషి ఉంటాడు. కుర్రాళ్ళు ఆయన ముందు సిగరెట్ దాచేస్తారు. కబడ్డీ నేర్పే పీఈటీ మాస్టారు ఉంటారు. కొబ్బరి దింపు మేస్త్రి ఉంటాడు. ఆడవాళ్ళని మాత్రం మర్చిపోవద్దు. గొడవకి బయల్దేరుతున్న కుర్రాడి బండి తాళం లాక్కోగలిగేది చాలాసార్లు పక్కింటి పెద్దమ్మే. జట్టులో ప్రతి పేట నుంచీ ఒకరు ఉండాలి. ఒకే కులంవాళ్ళతో నిండిన కమిటీని రెండో పక్షం నమ్మదు, నమ్మాలని ఆశించకూడదు.

పార్టీ పదవిలో ఉన్నవాళ్ళని పెట్టొద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఎంత మంచివాళ్ళైనా సరే, గొడవ రాత్రి వాళ్ళు రాగానే అది పార్టీ గొడవ అయి కూర్చుంటుంది.

నాలుగో అడుగు: శిక్షణ

దీనికి డిగ్రీలు అక్కర్లేదు. జింబాబ్వేలో సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్నప్పుడు, డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఊళ్ళోని అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. బాధలో ఉన్నవాళ్ళు వచ్చి పక్కన కూర్చుని చెప్పుకునేవారు. 2016లో అచ్చయిన పరిశోధనలో ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి మామూలు వైద్యం పొందినవాళ్ళ కన్నా బాధ బాగా తగ్గినట్టు తేలింది. మన రావిచెట్టు అరుగులూ ఉన్నాయి, అమ్మమ్మలూ ఉన్నారు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్ళని పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు ద్వారా అడగండి. మధ్యలో మాట తుంచకుండా వినడం, ఆత్మహత్య ఆలోచన ఉందా అని నేరుగా అడగడం, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలో తెలుసుకోవడం, ఈ మూడూ నేర్పితే చాలు. నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

ఐదో అడుగు: వారానికో గంట

చికాగోలోనే బికమింగ్ ఎ మ్యాన్ అనే కార్యక్రమం బడి పిల్లలతో నడుస్తుంది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు చీటీ తీసినట్టు పిల్లల్ని రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే, కార్యక్రమం నడిచినంత కాలం అందులో పాల్గొన్నవాళ్ళ హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. వాళ్ళు నీతిబోధ చేయలేదు. చెయ్యి లేపే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించడం సాధన చేయించారు.

వాళ్ళు మొదట్లో చేయించే ఆట ఒకటి ఇక్కడా చేయించొచ్చు. కుర్రాళ్ళని ఇద్దరిద్దరు చొప్పున నిలబెట్టండి. ఒకడి చేతికి బంతి ఇచ్చి, గట్టిగా పట్టుకోమనండి. రెండోవాడితో, "ముప్ఫై సెకన్లలో ఆ బంతి నువ్వు తీసుకోవాలి" అనండి. విజిల్ వేయండి. గదంతా రణరంగం అవుతుంది. వేళ్ళు విరుస్తారు, మెడ పట్టుకుంటారు, కింద పడి దొర్లుతారు, చొక్కా గుండీలు ఊడతాయి. టైమ్ అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మెల్లగా అడగండి.

"మీలో ఎవరైనా బంతి ఇవ్వమని అడిగారా?"

కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకడు, "అడిగితే ఇస్తాడేంటండీ, నన్ను చేతకానోడనుకుంటాడు" అంటాడు. అప్పుడు బంతి పట్టుకున్నవాణ్ణి అడగండి.

"అడిగితే ఇచ్చేవాణ్ణేనండి. వీడే మీద పడిపోయాడు."

అక్కడ మీరు ఉపన్యాసం ఇవ్వకూడదు. వాళ్ళనే మాట్లాడనివ్వండి. మొన్న సెంటర్లో గొడవ ఎలా మొదలైంది, వాడు నిజంగా నన్ను చూసే నవ్వాడా, వెనక ఫ్రెండ్స్ లేకపోతే నేను అంత దూరం వెళ్ళేవాణ్ణా, ఇలాంటి మాటలు వాటంతటవే వస్తాయి.

తర్వాతి వారాల్లో ఒక్కో విషయం తీసుకోండి. కోపం వచ్చినప్పుడు ఒంట్లో ముందు ఏమవుతుంది, చెవులు వేడెక్కుతాయా, పళ్ళు బిగుసుకుంటాయా. ప్రేమించిన అమ్మాయి వద్దంటే ఏం చెయ్యాలి. ఈ రెండోది కనీసం రెండు వారాలు మాట్లాడాలి, ఆడపిల్లల మీద దాడుల మూలం అక్కడే ఉంది. కాదన్న అమ్మాయికి కాదనే హక్కు ఉందని, ఆ బాధ నిజమే అయినా అది తనే భరించాల్సిన బాధని కుర్రాడికి ఎవరో ఒకరు చెప్పాలి. నాన్న కొడతాడా అన్న ప్రశ్న గుంపులో వేయకండి, విడిగా అడగండి.

కుర్రాళ్ళకి గౌరవం ఎందుకు దొరుకుతుందో కూడా మాట్లాడండి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అంత బరువైన ప్రభని భుజాల మీద మోసి, దారిలో ఉన్న కౌశిక ఏటి నీళ్ళు దాటించేది ఈ వయసువాళ్ళే. ఊరంతా దండం పెట్టే పని అది. ఏడాదికి ఒక్కసారి దొరికే ఆ గౌరవం మిగతా రోజుల్లో ఏ పని వల్ల దొరుకుతుందో వాళ్ళనే చెప్పమనండి. వరద వచ్చినప్పుడు లంకల్లోంచి జనాన్ని పడవల్లో తేవడం, రక్తదానం, టోర్నమెంటులో అంపైరింగ్, చాలా వస్తాయి. వచ్చినవాటిలో ఒకటి ఆ నెలే మొదలుపెట్టండి.

ఆరో అడుగు: గొడవ రాజుకున్న రాత్రి

కబురు రాగానే ఇద్దరు బయల్దేరాలి, ఒక్కరే వెళ్ళకూడదు. కత్తి బయటికి వచ్చేసిందంటే మధ్యలోకి వెళ్ళొద్దు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. ఇంకా మాటల దగ్గరే ఉంటే, ముందు కుర్రాణ్ణి గుంపు నుంచి విడదీయాలి. పదిమంది చూస్తుండగా ఎవడూ వెనక్కి తగ్గడు. "బండెక్కరా, ఒక మాట చెప్పాలి" అని గట్టు మీదికి తీసుకుపోండి. తప్పెవరిదని అడగొద్దు. "అన్నం తిన్నావా?" అని అడగండి. తినిపించండి, నీళ్ళు తాగించండి. వాడు అరిస్తే అరవనివ్వండి. "వాణ్ణి వదిలెయ్" అంటే వాడు వినడు. "రేపు పొద్దున్న ఇద్దర్నీ కూర్చోబెట్టే పూచీ నాది, ఈ రాత్రికి మాత్రం నా మాట విను" అంటే చాలాసార్లు వింటాడు. చెప్పినట్టే పొద్దున్న కూర్చోబెట్టాలి. తప్పారంటే మీ మాటకి ఇంకెప్పుడూ విలువ ఉండదు.

అదే సమయంలో జట్టులో ఇంకొకరు ఫోన్ల సంగతి చూడాలి. గొడవ వీడియో, దాని మీద పెట్టిన స్టేటస్, గ్రూపుల్లో ఫార్వర్డులు, ఇవే మర్నాటి గొడవకి కారణమవుతాయి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయంలో ఇళ్ళు తగలబడ్డాక ఇంటర్నెట్టే ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళలో ఎంతోమంది చదువుకునే కుర్రాళ్ళు. గ్రూప్ అడ్మిన్ల నంబర్లు మీ దగ్గర ముందే ఉండాలి. ఫోన్ చేసి "తమ్ముడూ, అది తీసెయ్" అనగలిగేంత చనువు కూడా ముందే ఉండాలి.

దెబ్బ తగిలిపోతే ఆసుపత్రికి ఒకరు తప్పకుండా వెళ్ళాలి. కుట్లు వేస్తుండగానే బయట ఫ్రెండ్స్ ప్రతీకారం మాట్లాడుకుంటుంటారు. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఇందుకోసమే మంచం పక్కన మాట్లాడే మనుషుల్ని పెట్టుకున్నాయి. మీరు వెళ్ళి అమ్మానాన్నల పక్కన కూర్చోండి, బయట ఉన్నవాళ్ళకి టీ ఇప్పించి, వాళ్ళలో అందరికన్నా కోపంగా ఉన్నవాణ్ణి పక్కకి తీసుకెళ్ళండి.

ఏడో అడుగు: చేతికి అందేది దూరంగా పెట్టండి

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. అందుకే అక్కడ ఇంట్లో తుపాకీని తాళం వేసి దాచమని డాక్టర్లు మొత్తుకుంటారు. మన ఇళ్ళలో ఆ స్థానంలో ఉన్నది పురుగుల మందు. దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఎదుటివాడి మీద చెయ్యి లేపే కోపమే కొన్నిసార్లు తన మీదికే తిరుగుతుంది, ఆ తెగింపు కూడా కొన్ని నిమిషాలే ఉంటుంది. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోతే, 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా తగ్గింది.

ఊళ్ళో చేయాల్సింది ఇంతే. పురుగుల మందు డబ్బాలు వంటింటి అటక మీద, మంచం కింద ఉండకూడదు. తాళం పెట్టె కొనిపించండి, తాళం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఉంచమనండి. చెరువుల దగ్గర షెడ్డులోనూ అంతే. అవసరానికి మించి కొననీయొద్దు, మిగిలితే షాపువాడు వెనక్కి తీసుకునేలా మాట్లాడుకోండి. ఇంటర్ ఫలితాలొచ్చే వారం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి ఈ ఒక్క విషయం గుర్తు చేయాలి. ఎవరైనా తాగేశారని తెలిస్తే సొంత వైద్యం వద్దు, 108. కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి చికిత్స ఇవ్వాలి, శిక్షించకూడదు.

కొబ్బరి కత్తులకీ పని అయ్యాక ఒక చోటు ఉండాలి. బండి సీటు కింద పెట్టుకుని తిరిగే అలవాటు ఉన్నవాడితో విడిగా మాట్లాడండి. ఎక్కువగా దానికి కారణం భయం. ఎవరికి భయపడుతున్నాడో తెలిస్తే పరిష్కారం కూడా అక్కడే దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: డాక్టరు ఎప్పుడు

రోజుల తరబడి నిద్ర పోకపోవడం, తనలో తను మాట్లాడుకోవడం, అందరూ తనకి వ్యతిరేకంగా కుట్ర చేస్తున్నారనడం, చనిపోవాలని ఉందనడం, అకస్మాత్తుగా వస్తువులు పంచిపెట్టేయడం. వీటిలో ఏది కనిపించినా అరుగు మీద మాటలతో సరిపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. మొదటిసారి జట్టులో ఒకరు తోడు వెళ్ళాలి, ఒంటరిగా పంపితే దారిలోనే వెనక్కి తిరిగొస్తారు. ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టిస్తామంటే కట్టించనివ్వండి, మందులు మాత్రం మానొద్దని చెప్పండి.

గంజాయి అలవాటైన కుర్రాళ్ళలో అనుమానాలు, భ్రమలు వచ్చే ప్రమాదం ఎక్కువ. వాణ్ణి నేరస్తుడిగా కాకుండా రోగిగా చూడాలి. అమ్మేవాడి సంగతి వేరు, దానికి మత్తుపదార్థాల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972 ఉంది.

తొమ్మిదో అడుగు: రహస్యం, పోలీసులు

కుర్రాడు చెప్పింది బయటికి పొక్కకూడదు. అయితే మొదటి రోజే చెప్పేయండి: "నీ ప్రాణానికి గానీ, ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పుంటే నేను దాచను." పిల్లల మీద లైంగిక దాడి అని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు. ఎస్ఐ గారిని మొదట్లోనే కలిసి, మీరు ఇన్ఫార్మర్లు కాదని, సమాచారం కోసం మిమ్మల్ని పిలవొద్దని ఒప్పందం చేసుకోండి. సచివాలయం మహిళా పోలీసుతో మాత్రం రాకపోకలు ఉంచుకోండి, ఆడపిల్లలకి వేధింపులు ఎదురైతే ముందు తెలిసేది ఆమెకే.

పదో అడుగు: లెక్క చూసుకోండి, క్యాలెండర్ వేసుకోండి

ఎన్ని మీటింగులు పెట్టామన్నది లెక్క కాదు. ఎన్ని గొడవలు చల్లారాయి, కొట్లాట దెబ్బలతో పీహెచ్‌సీకి ఎంతమంది వచ్చారు (సంఖ్య చాలు, పేర్లు వద్దు), గత నెల వచ్చిన కుర్రాళ్ళలో ఎంతమంది ఈ నెలా వచ్చారు, డాక్టరు దగ్గరికి పంపినవాళ్ళు రెండోసారి వెళ్ళారా. మూడు నెలలకోసారి ఈ నాలుగూ కాగితం మీద పెట్టి అన్ని పేటలవాళ్ళ ముందూ చదవండి.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. గది, నాలుగు బంతులు, టీ, బజ్జీలు, ఆసుపత్రికి వెళ్ళిరావడానికి పెట్రోలు. విదేశాల్లో ఉన్న ఊరివాళ్ళని అడిగితే ఇస్తారు. కానీ కార్యక్రమానికి దాత పేరు పెట్టొద్దు. జూన్‌లో బళ్ళు తెరిచాక మనుషుల్ని ఎంచుకుని, వినాయక చవితి లోపు శిక్షణ పూర్తిచేసి, నిమజ్జనం రాత్రి మొదటిసారి డ్యూటీలు వేసుకోండి. అక్కడ తేలిన లోపాలు సరిదిద్దుకోవడానికి సంక్రాంతి వరకూ టైమ్ ఉంటుంది. భోగి నుంచి కనుమ దాకా ఏ సెంటర్లో ఎవరు, రాత్రి ఎన్నింటి వరకు, ఎవరి ఫోన్ ఆన్‌లో ఉండాలి అన్నది డిసెంబరు ఆఖరికల్లా రాసి జట్టులో అందరికీ ఇచ్చేయండి.